మన కళాశాలలోని పాతబావి

(పద్మశాలి వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన యుపన్యాసము)



మన విద్యాసంఘము నడుపుచున్న కళాశాలయందును, దాని కనుబంధించిన వసతిగృహములయందును నీరు, చెట్లు, దీపములు, వంటశాల, చెత్త – ఇవి యే స్థితిలో నున్నవో పరిశీలించి విన్నవింపుమని గత మహాసభవారు ఐదుగురితో నొక యుపసంఘము నేర్పఱచిరి. ఆ యుపసంఘము పక్షమున మేము నేడు మీయెదుట నిలిచితిమి. మేము పండితులము కాము, శాస్త్రజ్ఞులము కాము. కన్నులతో చూచినదియు, లెక్కవేసి తెలిసికొన్నదియు మాత్రమే చెప్పగలవారము. మా మాటలలో కటుత్వము కన్పట్టినచో, అది మొదట మమ్ముగూర్చి మేము చెప్పుకొనినదని తలంచి మన్నింప వేడుచున్నాము.

కులమహాసభలో చెట్లను గూర్చియు, చెత్తను గూర్చియు ఉపన్యాసమేలయని కొందఱు మిత్రులు మమ్ము నడిగిరి. వివాహములు, విద్యార్థి వేతనములు, చేనేతకు ప్రభుత్వసాహాయ్యము, మరమగ్గముల కూలి – ఇట్టి విషయము లెన్నియో యుండగా పర్యావరణ మను పెద్దమాట మనకేల? ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సమాధానముగా గడచిన వేసవిలో జరిగిన యొక సంగతిని విన్నవింతుము.

గడచిన వేసవిలో మన బోరుబావి యెండిపోయినది. ట్యాంకరు నీటితో కొన్ని దినములు నెట్టుకొని వచ్చితిమి. పిదప ట్యాంకరులును సకాలమున రాకపోయెను. బాలికల వసతిగృహమును పరీక్షలకు ముందే మూసివేసి, పిల్లలను ఇండ్లకు పంపవలసి వచ్చెను. వారిలో నొక బాలిక తండ్రి భివండిలో మరమగ్గమునొద్ద పనిచేయుచున్నాడు. తల్లి యింట బీడీలు చుట్టి సంసారము నీడ్చుచున్నది. ఆ పిల్ల ఒంటిగది యింటిలో, పగలు బీడీల పనికి తోడ్పడుచు, రాత్రి చదువుకొన యత్నించి, ఒక పరీక్ష తప్పినది. ఆమెకు మనము ఫీజు చెల్లించితిమి, పుస్తకము లిచ్చితిమి, భోజనము పెట్టితిమి. నీ రీయలేకపోతిమి. కావున నీటిని గూర్చిన మాట విద్యను గూర్చిన మాటయే. విద్యను గూర్చిన మాట మన కులాభివృద్ధిని గూర్చిన మాటయే గదా!

వసతిగృహము లనగా నేమో మన పూర్వుల కెఱుక. గత శతాబ్ది మొదటి భాగమున తెలుగుదేశమునందలి పలు కులములవారు తమ బాలుర చదువుకొఱకు పట్టణములలో వసతిగృహములు నెలకొల్పిరి. హైదరాబాదులో 1918లో రాజా బహదూర్ వేంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు అందులకు ప్రసిద్ధమైన నిదర్శనము. ఆ యుద్యమపు గాలియే మన పెద్దలకును సోకినది. మగ్గమున కింతయని, చీర కింతయని చందాలెత్తి, వారు మనకీ స్థలమును సంపాదించి యిచ్చిరి. స్థలము చూచునప్పుడు వారు మొదట చూచినది గోడలను గాదు; అందొక మెట్లబావి యున్నదా, నీడనిచ్చు చెట్లున్నవా యని. ఆ బావియు, దానిగట్టున నున్న చింతచెట్లును నేటికిని గలవు. నేటి మధ్యాహ్నపు సభలో చర్చకు వచ్చు తీర్మానము వానిని గూర్చినదే. దాని యొద్దకు తుదిని వత్తుము.

మహాజనులారా! విద్యాలయమునకు ప్రాంగణమును గాపాడుకొనుటయు చదువులో భాగమని గ్రహించినవారు మనకు పూర్వమే కలరు. మద్రాసు క్రైస్తవ కళాశాల 1937లో జార్జిటౌను ఇఱుకువీథులను విడిచి తాంబరమునకు తరలినది. ఆ కళాశాలలో రసాయనశాస్త్రము బోధించిన ఎడ్వర్డు బార్న్సు అను ఆచార్యుడును, ఆయన భార్యయు ఆ నేలకు తగిన మొక్కలను నాటి పెంచిరి. ఆయన వృత్తి రసాయనము; వృక్షశాస్త్రము కాదు. అయినను నాటిన మొక్కను విడువలేదు. మద్రాసు నగరము నలుదిక్కుల పెరిగి పొలములను మ్రింగివేసినను, ఆ ప్రాంగణములో అడవి యింకను నిలిచియున్నది, జింకలు తిరుగుచున్నవి.

మదనపల్లె చెంతనున్న ఋషివాలీ విద్యాలయమును జూడుడు. అది వానలు తక్కువగు ప్రదేశము. బోడికొండల నడుమ 1920వ దశకములో విద్యాలయమునకై యెన్నుకొనబడిన ఆ లోయలో, అక్కడివారు దశాబ్దముల తరబడి చెట్లు పెంచి, వాననీటిని నిలువరించి, నేలకు పచ్చదనము దెచ్చిరి. 1991లో ఆ లోయ పక్షిరక్షిత ప్రదేశముగా ప్రకటింపబడినది. పక్షు లాజ్ఞాపత్రమును జూచి రావు. చెట్టును, నీటిని జూచి వచ్చును. అందుచేత ఆ ప్రకటనకంటె పక్షుల రాకయే గొప్ప ప్రశంసాపత్రము.

ఇక మన రాజధానిని జూతము. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములో మహలఖాబాయి పేరిట పిలువబడు మెట్లబావి కలదు. ఆమె ఉర్దూ కవయిత్రి; 1824లో గతించినది. పూడిపోయి పాడుపడియున్న ఆ బావిని ఇటీవలి సంవత్సరములలో బాగుచేసిరి. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేట మెట్లబావియు చెత్తతో నిండి కనుమఱుగై యుండినది. దానిని శుభ్రపఱచి 2022 డిసెంబరులో ప్రజల కప్పగించిరి. పట్టణమునడుమ చెత్తదిబ్బయైన బావిని బాగుచేయగా లేనిది, మన కళాశాల బావి మనకు సాధ్యము కాదా?

హైదరాబాదు విశ్వవిద్యాలయమున కానుకొని కంచ గచ్చిబౌలిలో నున్న 400 ఎకరముల భూమి సంగతి మీ రెఱిగినదే. 2025 మార్చి చివర అచట యంత్రములు దిగి చెట్లను నేలగూల్చుచుండగా విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టువారు ఆ పనిని నిలిపివేయుమని యుత్తరువు చేసిరి. ఆ భూమి యెవరిదను వివాదమును మేమిచట విప్పబోము. మేము గమనించిన దొక్కటే. ఆ నెమళ్లకొఱకు, ఆ బండలకొఱకు, ఆ చెఱువులకొఱకు మొదట గొంతెత్తినవారు ఇరువది యేండ్ల పిల్లలు. మన పిల్లలు మనయెదుట గొంతెత్తక ముందే మనము మేల్కొనుట పెద్దఱికము.

చట్టము సైతము ఈ విషయములో మౌనముగా లేదు. ఎం. సి. మెహతా వ్యాజ్యములో 1991 నవంబరు 22వ తేదీన సుప్రీంకోర్టువారు పర్యావరణవిషయమును విద్యలో చేర్చుమని యాదేశించిరి. ఆ క్రమముననే 2004లో విశ్వవిద్యాలయ ధనసహాయసంఘమువారు డిగ్రీ విద్యార్థుల కందఱకు ఆఱు మాసముల పర్యావరణ పాఠ్యక్రమము నేర్పఱచిరి. ఉమ్మడి రాష్ట్రమున 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టమును వాల్టా యందురు. వాననీటి నింకించుటను, చెట్లు నఱకుటకు ముందు అనుమతి పొందుటను అది మనకు విధులుగా విధించినది. కళాశాలల ప్రమాణములను పరిశీలించు న్యాక్ సంస్థవారును, నీటిని, విద్యుత్తును, చెత్తను గూర్చి యేమి చేయుచున్నారని ప్రశ్నలు వేయుచుందురు.

ఆ ప్రశ్నల కుత్తరములు వ్రాయుటలో మనము నేర్పరులము. కాగితముపై మన ప్రాంగణము నందనవనము. మన విద్యార్థి పరీక్షలో వాననీటి సంరక్షణను గూర్చి రెండు పుటలు చక్కగా వ్రాయును. వ్రాసి బయటికి వచ్చి, ఆ భవనముపై పడిన వాననీరు గొట్టముగుండ రోడ్డు కాలువలో గలియుటయు, ట్యాంకరు లోనికి వచ్చుటయు ఒక్కమాఱే చూచును. ఇట్టి చదువు పిల్లలకు మనము నేర్పు మొదటి అబద్ధము.

లెక్క చూతము. చదరపు మీటరు కప్పుమీద ఒక్క మిల్లీమీటరు వాన పడిన, అది యొక లీటరు నీరు. వేయి చదరపు మీటరుల కప్పు గల భవనముపై సంవత్సరములో 800 మిల్లీమీటరుల వాన కురిసినచో, పడు నీరు 8 లక్షల లీటరులు. ఆవిరియైనదియు, మొదటి వానలో దుమ్ముతో విడువవలసినదియు, చిందినదియు ఐదవవంతు తీసివేసినను, 6 లక్షల 40 వేల లీటరులు మిగులును. ఐదువేల లీటరుల ట్యాంకరులతో కొలిచిన, ఇది 128 ట్యాంకరులు. ఇది యొక్క భవనము లెక్క. మనకు భవనము లెన్ని గలవో మీరే లెక్కించుకొనుడు. ఆకాశము మన యింటికి తెచ్చి యిచ్చిన నీటిని కాలువలో పోసి, వేసవిలో డబ్బిచ్చి కొనుచున్నాము. నూలును వీథిలో పాఱవేసి అప్పుతెచ్చి నూలు కొను నేతగానిని మనవారేమందురు?

మా తప్పు నిచట నొప్పుకొనవలెను. పూర్వము బోరు త్రవ్వించు తీర్మానమునకు చేయెత్తినవారిలో మేమును గలము. బోరు పడగానే బావి పని తీరినదని తలంచితిమి. బావికి పూడికతీత మానివేసితిమి. పిదప అది చెత్తకుండి యయ్యెను. బోరు భూగర్భములోని నీటిని పైకి దీయునే గాని, లోనికి వేయదు. తీయుటకు గొట్టమును, వేయుటకు మార్గమును రెండును ఉండవలెను. ఒక్కదానిని మాత్రమే పెట్టుకొని, అడుగంటినదని విధిని దూఱితిమి.

గడచిన జ్యేష్ఠమాసమున ఉపసంఘము కోరికపై విద్యార్థులు ఆదివారములయందు ఆ బావిలోని చెత్తను తీసిరి. అనుభవజ్ఞులైన కూలీలను ముందుంచి, త్రాళ్లు కట్టి, జాగ్రత్తతోనే చేయించితిమి. విఱిగిన బల్లలు, సీసాలు, రంగుపూసిన విగ్రహముల ముక్కలు, పాలిథీను సంచులు బయటపడెను. అన్నిటికంటె ముందు పైకి వచ్చిన దేమియో చెప్పుటకు సిగ్గగుచున్నను చెప్పుదుము. అది మన మహాసభకు స్వాగతము పలుకు ఫ్లెక్సీ. దానిపై కులపెద్దల ముఖము లన్నియు చెక్కుచెదరక యుండెను. మా ముఖమును అందు గలదు. మమ్ము చూచి పిల్లలు నవ్వలేదు. నవ్వినచో కొంత తేలికగా నుండెడిది.

మహాశయులారా! మనము నేతవారము. లోకమునకు బట్ట నేసి యిచ్చితిమని చెప్పుకొనువారము. మన మహాసభకు కట్టిన స్వాగతపత్రము బట్టకాదు, ప్లాస్టికు! పెద్దలకు కప్పిన శాలువాలలో మన మగ్గముపై నేసిన వెన్ని? ఒక్క నేతబట్టపై రంగుతో అక్షరములు వ్రాయించినచో, ఒక నేతగానికి పని, ఒక చిత్రకారునికి పని దొరకును. సభ ముగిసిన పిదప ఆ బట్ట వసతిగృహములో తెరగానో, సంచులుగానో యుపయోగపడును. 2022 జులై 1వ తేదీనుండి ఒక్కమాఱు వాడి పాఱవేయు ప్లాస్టికు వస్తువులు కొన్ని దేశమంతట నిషేధింపబడినవి. ప్లాస్టికు గరిటెలు, గొట్టములు, పళ్లెములు అందులోనివే. నిషేధము లేకున్నను, బట్ట నేయువానికి ప్లాస్టికు మీద మమకార మేల?

వంటశాలను గూర్చి రెండు మాటలు. వసతిగృహములో అన్నము పాఱవేయుట చూచి మాకు మిక్కిలి దుఃఖము కలిగినది. పిల్లలను నిందించి లాభము లేదు. ఎందఱు తిందురో ముందు తెలిసికొనక వండుటయే దీనికి ముఖ్యకారణము. సాయంకాలమే మఱునాటి హాజరు వ్రాయించుకొని వండినచో వ్యర్థము తగ్గును. అప్పటికిని మిగిలిన కూరగాయల తొక్కలు, మెతుకులు, రాలిన ఆకులు విడిగా దీసి గుంటలో వేసి, పొరకొక పొర మన్ను చల్లి, తడి యాఱకుండ చూచి, అప్పుడప్పుడు త్రిప్పినచో, రెండుమూడు మాసములలో ఎరువగును. తడిచెత్తను, పొడిచెత్తను పుట్టినచోటనే వేఱు చేయవలెనని 2016 నాటి ఘనవ్యర్థముల నియమములే చెప్పినవి. రెంటిని గలిపినచో రెండును పాడగును. వేఱుచేసినచో రెండును పనికివచ్చును. పడుగును, పేకను ఒకే కండెకు చుట్టినవాడు బట్ట నేయగలడా?

స్నానపు నీటిని గూర్చియు నిట్లే. ఆ నీటిని గులకఱాళ్లు పఱచిన మడిగుండ పాఱించి, ఆ మడిలో మెట్టతామరను, తుంగను పెంచినచో, నీరు చాలవఱకు తేటపడి చెట్లకు పనికివచ్చును. ఆ నీరు త్రాగుటకు గాదు, బావిలో విడుచుటకును గాదు, చెట్ల మొదళ్లకే. మఱుగుదొడ్ల నీటిని, రసాయనప్రయోగశాల నీటిని ఇందులో గలుపరాదు. ఆమ్లములు, లోహలవణములు కలిసిన నీరు నేలలో నింకినచో ఏమగునో, రంగునీరు కాలువల విడిచిన ఊళ్లను జూచినవారము గనుక మనకు వేఱే చెప్పవలసిన పనిలేదు. అట్టిదానిని విడిగా పోగుచేసి, దానికై యేర్పడిన వారికి ఇయ్యవలెను.

ఇక దీపములు, ఫ్యానులు. పాత ఫ్యాను సుమారు 75 వాట్ల విద్యుత్తు పుచ్చుకొనును. నేడు దొరకు బి.ఎల్.డి.సి. ఫ్యాను సుమారు 30 వాట్లతో తిరుగును. నూఱు ఫ్యానులు దినమునకు పది గంటలు తిరిగినచో, తేడా 45 యూనిట్లు. సౌరఫలకములు పెట్టింపుమని పలువురు దాతలు సలహా యిచ్చుచున్నారు. పెట్టవలసినదే. ఒక కిలోవాటునకు సుమారు పది చదరపు మీటరుల చోటు కావలెను. అది దినమునకు సగటున నాలుగు యూనిట్ల కరెంటు నిచ్చును. అయితే మొదట పొదుపు, తరువాత ఉత్పత్తి. చిల్లుకుండలో నీరు పోయుటకంటె చిల్లు మూయుట ముందు పని. ఫలకములపై దాత పేరు వ్రాయుటతోబాటు, వానిమీది దుమ్ము తుడుచువా డెవ్వడో కూడ వ్రాసి పెట్టవలెనని మా మనవి.

చెట్లు నాటుటలోను ఇదే లోపము. ఏటేట వానకాలమున పెద్దలు వత్తురు, గుంటలు త్రవ్వియుండును, మొక్కను పట్టుకొని ఫొటో దిగుదురు. మఱుసటి యేట ఆ గుంటలలోనే క్రొత్తమొక్కలు నాటుదురు! ఇది మేము పరిహాసమునకు చెప్పుటలేదు. గుంటలను గుర్తుపట్టి చెప్పుచున్నాము. నాటుట యొక గడియ పని. పెంచుట మూడు వేసవుల పని. కావున నాటు మొక్కల సంఖ్యను తగ్గించి, బ్రదికిన మొక్కల సంఖ్యను మహాసభలో చదువుట మంచిది. వేప, కానుగ, నేరేడు, రావి, చింత – మన నేల నెఱిగిన చెట్లివి. ఒక్కొక్క తరగతివా రొక్కొక్క చెట్టునకు నీరుపోసి, తాము వెడలునప్పుడు క్రిందితరగతి వారి కప్పగించినచో, అది పిల్లలకు పాఠమును, చెట్టునకు ప్రాణమును అగును.

ఇప్పుడు మధ్యాహ్నపు తీర్మానమునకు వత్తుము.

పాతబావిని పూడ్చి, గట్టుమీది చింతచెట్లను దీసివేసి, ఆ స్థలమున కల్యాణమండపము కట్టవలెనని ప్రతిపాదన. దానిని ప్రతిపాదించినవారు మాకు పూజ్యులు. వారి యుద్దేశము స్వార్థము గాదు. మండపము అద్దెతో బీదబాలికలకు విద్యార్థివేతనము లీయవలెనని వారి సంకల్పము. రోడ్డుకు దగ్గఱగా నుండుటచే ఆ స్థలమునకు అద్దె యెక్కువ వచ్చునని వారి లెక్క. ఈ లెక్క తప్పని మేమనము. బావిలో పిల్ల లెవరైన పడుదురేమోయను భయమును వారు వెలిబుచ్చిరి. అదియు నిజమైన భయమే.

అయినను కొన్ని మాటలు వినవలెనని ప్రార్థించుచున్నాము. ఆ బావి ప్రాంగణములో పల్లపుచోట నున్నది. మన కప్పులమీది నీ రంతయు సులభముగా చేరగల చోటు అదియొక్కటే. గడచిన వానకాలమున విద్యార్థులు గ్రంథాలయపు కప్పుగొట్టమును ఇసుక, కంకర, బొగ్గు నింపిన తొట్టెగుండ ఆ బావికి త్రిప్పిరి. శ్రావణము ముగియునప్పటికి బావిలో ఎన్నో యేండ్లుగా పొడిగా నున్న మెట్లలో నాలుగు మునిగెను. ఇది యొక్క కప్పు నీరు, ఒక్క వానకాలము. మా యాశ యింతకంటె పెద్దది కాదు. మా సాక్ష్య మింతకంటె చిన్నది కాదు.

మండపమునకు నీ రక్కఱలేదా? వేయిమంది భోజనములుచేయు పెండ్లికి వంటకు, చేతులు కడుగుటకు, పాత్రలు తోముటకు నీ రెంత కావలెనో మీకు తెలియును. నీ రిచ్చు బావిని పూడ్చి, నీరు త్రాగు మండపమును దానిమీదనే కట్టుట యే గణితము? ఆ మండపము అద్దెతో వేతనము పుచ్చుకొన్న బాలిక, నీరు లేక వేసవిలో మరల ఇల్లు చేరినచో, మనము కుడిచేత నిచ్చి ఎడమచేత పుచ్చుకొన్నవార మగుదుము.

మండపము వలదని మేమనుట లేదు. ప్రాంగణమునకు పడమటివైపున పాత సైకిళ్ల షెడ్డు శిథిలమై యున్నది. అచట కట్టినచో అద్దె కొంత తగ్గవచ్చును. తగ్గిన దానిని ట్యాంకరుల ఖర్చును, విద్యుత్తు ఖర్చును తగ్గించి కొంతవఱకైన పూడ్చవచ్చునని మా నమ్మకము. పూడ్చవలసిన దా లోటు, బావి కాదు. పిల్లల క్షేమమునకై బావిపై ఇనుపకడ్డీల జాలి బిగించి, చుట్టును గోడ కట్టి, తాళము వేయింతము. భయమునకు మందు జాగ్రత్త, పూడ్చివేత గాదు.

ఒక్కమాట చెప్పి ముగింతుము. మన కులపురుషుడైన భావనాఋషి తామరతూడుల దారముతో మొదటి బట్టను నేసెనని మన పెద్దలు చెప్పుదురు. పద్మశాలి యను మన పేరులోనే పద్మము కలదు. పద్మము నీటిలో గాక యెక్కడ పుట్టును? ఆ కథను మనము ప్రతి మహాసభలోను చెప్పుకొని, చప్పట్లు కొట్టుచుందుము. నీటిచోటును పూడ్చి, దానిపై నిలిచి ఆ కథనే చెప్పుకొనుట మనకు తగునా యని మీ హృదయముల నడుగుడు.

మా యుపసంఘము మీ యెదుట నుంచు కోరిక లివి. బావిని పూడ్పక, పూడిక పూర్తిగా తీయించి, వచ్చు వానకాలమునకు ముందే భవనముల కప్పునీ రంతయు వడగట్టి దానికి చేర్పింపవలెను; ఆ నీటి నాణ్యతను పరీక్షింపించి గాని త్రాగుటకు వాడరాదు. మండపమును పడమటివైపునకు మార్పవలెను. మహాసభయందును, కళాశాలయందును ఫ్లెక్సీలను మాని, నేతబట్టనే వాడవలెను. వంటశాల చెత్త ప్రాంగణమును దాటి పోరాదు. నీటిబిల్లు, కరెంటుబిల్లు, బ్రదికిన చెట్ల లెక్క – ఈ మూడును ప్రతి సంవత్సరము మహాసభలో ఆదాయవ్యయములతోబాటు చదువవలెను. ఈ పనులను చూచుటకు విద్యార్థినీవిద్యార్థులకు సగము స్థానము లిచ్చి యొక స్థిరసంఘము నేర్పఱపవలెను. వారు మాకంటె ఎక్కువకాలము ఈ నేలమీద బ్రదుకవలసినవారు.

తీర్మానము మీ చేతులలో నున్నది. చేయెత్తుటకు ముందు, భోజనానంతరమున దయతో ఒక్కమాఱు బావిగట్టువఱకు నడచి రండు. చింతనీడను నిలిచి లోనికి చూడుడు. మెట్లు కన్పట్టును, నీరు కన్పట్టును. గడచిన వేసవిలో ఇంటికి పోయిన పిల్లలలో కొందఱు అచట మీకొఱకు నిలిచియుందురు. వారితో మాటాడి, పిదప మీకు తోచినట్లు చేయుడు. మీ నిర్ణయ మేదియైనను మేము శిరసావహింతుము.